నాలుగున్నర నుంచి ఐదు

2025 మే 24, శనివారం

ఫుజైరా. ఆస్పత్రి నుంచి గదికి. మా గదిలో ఉండే నిజామాబాద్ అన్న కారు తెచ్చాడు. స్పీడ్ బ్రేకర్ కనబడగానే "పట్టుకో" అంటాడు. దిండు పొట్టకి అదుముకుంటాను.

టైఫాయిడ్. చిన్నపేగు చివర చిల్లు పడింది. పాడైన ముక్క తీసేశారు. మిగిలిన పేగుని పొట్ట మీదికి తెచ్చి కుట్టారు. మోషన్ అక్కణ్ణించి బ్యాగులోకి. కొన్ని నెలలాగి మళ్ళీ లోపల కలుపుతారు.

గదిలో ఆరుగురం. బాత్రూం ఒకటే.

మే 25

బాత్రూం తలుపు మీద కాగితం. కడప తమ్ముడి రాత. పైన "4.30 – 5.00 బాబాయ్". నేనే. కింద మిగతావాళ్ళ టైములు.

ఐదున్నరకి క్వారీ బస్సు. దానికి వెళ్ళేవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురూ అరగంటలో కానిచ్చుకోవాలి. ఇదివరకు గంట ఉండేది వాళ్ళకి. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

మే 28

బ్యాగు మార్చడం మలయాళీ నర్సు నేర్పింది. ముందు అట్టతో కొలత. తర్వాత చిన్న కత్తెరతో బ్యాగు చక్రంలో రంధ్రం. పేగు మూతి ఎర్రగా, తడిగా, బుగ్గ లోపలి కండలా ఉంది. తనంతట తను కదులుతుంది. ముట్టుకుంటే నొప్పి లేదు. నొప్పి తెలిసే నరాలు అక్కడ లేవంది. చుట్టూ ఉన్న చర్మానికి మాత్రం అన్నీ తెలుస్తాయి. రంధ్రం కాస్త పెద్దదైతే చాలు, రసం కారి కాలుస్తుంది. అన్నం అరిగించే రసాలు అందులో ఇంకా పనిలోనే ఉంటాయి.

పొద్దున్నే, ఏమీ తాగకముందు మార్చుకోవాలి. అప్పుడు పేగు నెమ్మదిగా ఉంటుంది. ఆమె ఈ మాట ఆస్పత్రిలో మొదటిసారి చెప్పినప్పుడు కడప తమ్ముడు మంచం పక్కనే ఉన్నాడు. నాలుగున్నర అందుకు.

జూన్ 6, శుక్రవారం

బక్రీద్. పక్క విల్లా వాళ్ళు మటన్ పంపారు. నాకు పెరుగన్నం, అరటిపండు.

ఈ ఏడాది జనవరి 1 నుంచి ఫుజైరాలోనూ ప్రైవేటు కంపెనీల వాళ్ళకి హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. అబుదాబి, దుబాయ్‌లలో ఎప్పణ్ణించో ఉంది. ఇటువైపు ఎమిరేట్లకి ఇప్పుడొచ్చింది. బేసిక్ పాలసీ ఏడాదికి 320 దిర్హాములు. ఆ చిల్లు నిరుడు పడి ఉంటే, ఆ లెక్క రాత్రిళ్ళు వేసుకుంటాను. ఎక్కడా తేలదు.

సిక్ లీవ్ చట్టం ప్రకారం 90 రోజులు. మొదటి 15 పూర్తి జీతం. తర్వాత 30 సగం. చివరి 45 ఏమీ లేదు. సగంలోకి వచ్చాను. ఇంటికి వెళ్ళేదీ సగమే. మా ఆవిడతో చెప్పాను. "మేం సర్దుకుంటామండీ. మీరు తిండి దగ్గర పొదుపు చెయ్యకండి" అంది.

జూన్ 17

రాత్రి సముద్రంలో రెండు ఆయిల్ ట్యాంకర్లు గుద్దుకున్నాయి. ఫ్రంట్ ఈగిల్, అడలిన్. మంటలు. అడలిన్‌లో ఉన్న 24 మందినీ కోస్ట్ గార్డ్ ఖోర్ ఫక్కాన్ రేవుకి చేర్చింది. ఇజ్రాయెల్, ఇరాన్ యుద్ధం మొదలై నాలుగు రోజులు. ఓడల జీపీఎస్‌లు తికమక పడుతున్నాయంటున్నారు.

అందరికీ ఇళ్ళ నుంచి ఫోన్లు. మా ఆవిడా చేసింది. యుద్ధం ఊసెత్తలేదు. "ఇవాళ బ్యాగులో నీళ్ళలా పోయిందా, చిక్కగా ఉందా?"

నీళ్ళలా పోయింది. చిక్కగానే ఉందన్నాను. కాసేపు ఆగి, "పొటాషియం టెస్టు చేయించుకోండి" అంది. ఆ మాట ఎక్కడ నేర్చుకుందో.

జులై 9

పిక్కలు పట్టేస్తున్నాయి. వేళ్ళు వంకర్లు పోతున్నాయి. నోరు ఎండిపోతోంది. బయట 45 డిగ్రీలు.

డాక్టరు మాట విని గదిలో ఎవరూ నమ్మలేదు. ఉత్త నీళ్ళు తగ్గించాలట. ఉప్పూ నీళ్ళూ లాగాల్సిన పెద్దపేగుకి ఇప్పుడు పని లేదు. ఉత్త నీళ్ళు తాగితే ఒంట్లో ఉప్పు చిన్నపేగులోకి దిగి వాటితోపాటు బయటికి పోతుంది. తాగినకొద్దీ దాహం. ఉప్పూ గ్లూకోజూ కలిసి ఉంటేనే పేగు నీళ్ళని లోపలికి లాక్కుంటుంది. ఓఆర్ఎస్. గుక్క గుక్కగా, రోజంతా.

1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా మంచినీళ్ళలో కలిపి డ్రమ్ముల్లో పెట్టించారు. కలరా రోగుల పక్కన ఉన్న తల్లులు, అన్నలు కప్పులతో తాగించారు. చావులు బాగా తగ్గాయి. ఆయన 2022లో పోయారు. పద్మవిభూషణ్ ఆ తర్వాత వచ్చింది. బతికుండగా ఇచ్చి ఉండాల్సింది.

నిజామాబాద్ అన్న రాత్రి గంజి వార్చి, ఉప్పేసి, ఫ్రిజ్‌లో పెడుతున్నాడు. మూత మీద టేపు. ఇంకెవరూ ముట్టుకోకుండా.

జులై 20, ఆదివారం

చర్మం చిట్లింది. నర్సు ఒక పొడి ఇచ్చింది. చల్లి, ఎక్కువైనది దులిపేసి, దాని మీద బ్యాగు. ఇది కొత్తరకం పొడి, వెనకటికి కరాయ అని ఒక చెట్టు బంక వాడేవాళ్ళు, మీ ఇండియాదే అంది. తనూ ఇండియానే, ఆ మాట తనకి గుర్తు లేదు.

కరాయ అంటే తపసి బంక. బావ చింతూరులో గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ (జి.సి.సి.) డిపోలో పనిచేశాడు. ఫోన్ చేశాను. బంక సంగతంటే బావ ఆగడు. ఎండాకాలం బంక మంచిది. చెట్టు బెరడు చెక్కితే ఊరుతుంది. ఆరాక ఒలిచి తెస్తారు. వాన తగిలితే రంగు పోతుంది, రేటు పడిపోతుంది. గొడ్డలితో లోతుగా నరికితే చెట్టే చచ్చిపోతుంది. పైపైన గీయడం నేర్పడానికి ఎన్ని మీటింగులు పెట్టారో చెప్పాడు. కొండరెడ్లు, కోయవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని డిపోకి వచ్చేవాళ్ళట. తెల్లగా ఉన్న ముక్కలు ఒక పక్క, ఎర్రవి ఒక పక్క ఏరడమే తన పని.

"అదంతా ఫారిన్ వెళ్ళేదిరా. ఏం చేసుకుంటారో మాకు చెప్పేవాళ్ళు కాదు."

1950లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో డాక్టర్ టర్న్‌బుల్ ఈ బంక పొడినే పేగు మూతి చుట్టూ చర్మానికి వాడడం మొదలుపెట్టారు. పళ్ళసెట్టు అంటించడానికీ అదే బంక. బావకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే బాగా ఏరాం" అన్నాడు.

జులై 23

బ్యాగు కథ చదివాను. డెన్మార్క్ నర్సు ఎలీసే సోరెన్‌సెన్. చెల్లెలికి ఇలాంటి ఆపరేషనే అయింది. ఎక్కడ కారుతుందో అని ఆ చెల్లెలు గడప దాటడం మానేసింది. 1954లో ఈవిడ చర్మానికి అంటుకునే ప్లాస్టిక్ సంచీ ఆలోచించింది. అంతకుముందు రబ్బరు సంచులు, బెల్టులు, గుడ్డలు.

చెల్లెలి పేరు థోరా. ఈ రెండు పేర్లూ రాసిపెట్టుకుంటున్నాను.

ఆగస్టు 8

వరలక్ష్మీ వ్రతం. మా ఆవిడ వీడియో కాల్‌లో పూజ చూపించింది. కొబ్బరికాయ కొట్టింది.

నాకు కొబ్బరి వద్దన్నారు. పీచు పేగు మూతి దగ్గర అడ్డం పడుతుంది. మునగకాయ, పనస, మొక్కజొన్న, గోంగూర కాడలు వద్దు. మిగతావి మానెయ్యడం బాధ కాదు. కోనసీమవాణ్ణి. పచ్చడిలో, కూరలో, పలారంలో, చేపల పులుసులో కూడా కొబ్బరి వేసే ఇంట్లో పుట్టాను. తోటలో చెట్లు మా నాన్న వేసినవి.

ఆగస్టు 18

పనిలోకి వెళ్తున్నాను. స్టోర్‌లో కూర్చునే పనే. మోతలు వద్దని చీటీ.

పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదు, సెప్టెంబర్ 15 వరకు. ఆ వేళ కుర్రాళ్ళు స్టోర్‌లోకి వచ్చి సిమెంటు బస్తాల పక్కన పడుకుంటారు. అంతా సద్దుమణిగాక నా బ్యాగు చప్పుడు చేసింది. ఆపడం నా చేతిలో లేదు. ఒక నేపాలీ కుర్రాడు కళ్ళు తెరవకుండానే ఫోన్‌లో పాట పెట్టాడు. రోజూ పెడుతున్నాడు.

సెప్టెంబర్ 9, మంగళవారం

పేగు కలిపారు.

సెప్టెంబర్ 13

గ్యాస్ పోయిందా అని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అడుగుతున్నారు. ఇవాళ పోయింది. నర్సు చప్పట్లు కొట్టింది. పక్క మంచం పాకిస్తానీ ముసలాయన "ముబారక్" అన్నాడు. ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం. ఆయనకీ పొట్ట ఆపరేషనే. ఆయనకింకా పోలేదు.

సెప్టెంబర్ 15

ముసలాయనకీ పోయింది.

సెప్టెంబర్ 30

బ్యాగు తీసేస్తే అయిపోయిందనుకున్నారు గదిలో అందరూ. ఇప్పుడు మోషన్ ఉన్నట్టుండి తరుముకొస్తోంది. అన్నం తిన్న పది నిమిషాలకి. అర్ధరాత్రి. మళ్ళీ తెల్లవారుజామున. కూచుంటే మంట. నీళ్ళు తగిలితే మంట. జింక్ క్రీము, మెత్తటి గుడ్డ, అద్దుకోవడమే, తుడవకూడదు.

డాక్టరు బొమ్మ గీశాడు. కోసేసిన ముక్క చిన్నపేగు చివరిది. పైత్యరసాన్ని మళ్ళీ లోపలికి తీసుకునేది ఆ ముక్కే. అది లేకపోతే పైత్యం పెద్దపేగులోకి దిగి నీళ్ళు ఊరేలా చేస్తుంది. బీ12 ఎక్కేదీ అక్కడే. కాబట్టి ఇంజక్షన్. పైత్యాన్ని పట్టే పొడి ఒకటి రాశాడు, కొలెస్టైరమీన్. నీళ్ళలో కలిపినా ఇసుక ఇసుకగా ఉంటుంది. మిగతా మందులు దానికి గంట ముందే మింగాలి.

ఎన్నాళ్ళు అనడిగాను. కొందరికి తగ్గుతుంది, కొందరికి పొడితో నడుస్తుంది అన్నాడు. ఉన్నమాట చెప్పినందుకు ఆ మనిషంటే గౌరవం.

కాగితం తలుపు మీద అలాగే ఉంది.

అక్టోబర్ 28, మంగళవారం

మొంథా తుపాను. నరసాపురం దగ్గర తీరం దాటుతుందంటున్నారు. మా ఊళ్ళో కరెంటు తీసేశారు. మా ఆవిడ, పిల్లలు స్కూల్లో తలదాచుకున్నారు. చార్జింగ్ అయిపోతుందని ముక్తసరిగా మాట్లాడింది. "మందు తాగారా? ఉంటాను."

రాత్రంతా ఎవరం పడుకోలేదు. బాత్రూంకి వెళ్ళిన ప్రతిసారీ తిరిగొచ్చేసరికి కడప తమ్ముడు ఫోన్‌లో తుపాను మ్యాప్ పట్టుకుని కూచునే ఉన్నాడు. వాళ్ళ ఊరు రాయచోటి. సముద్రం ఎక్కడో.

అక్టోబర్ 29

అందరూ క్షేమం. పెంకులు పోయాయి. నాన్న వేసిన చెట్లలో కొన్ని పడ్డాయి. ఎన్నో ఆవిడ చెప్పలేదు.

నవంబర్ 6

మళ్ళీ ఆస్పత్రి. పొట్ట ఉబ్బింది, మెలి తిప్పే నొప్పి, వాంతులు. కోత కోసిన పొట్టలో పేగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ అతుకు దగ్గర మడత పడితే దారి మూసుకుపోతుంది. ఎప్పుడైనా రావచ్చు, ఏళ్ళ తర్వాతైనా. ముక్కులో గొట్టం, సెలైన్, నోటికి ఏమీ లేదు. తనంతట తెరుచుకుంటే సరి. లేకపోతే మళ్ళీ కోత.

నిజామాబాద్ అన్న కుర్చీలో కూచుని నిద్రపోయాడు. షూ విప్పలేదు.

నవంబర్ 8

తెరుచుకుంది.

నవంబర్ 20

పాస్‌పోర్టు పనికి దుబాయ్ వెళ్ళాలి. ఈ-700 నంబరు బస్సు. కొండల మధ్య నుంచి రోడ్డు బాగుంటుంది. బస్సులో బాత్రూం ఉండదు. ముందురోజు సాయంత్రం నుంచి తినలేదు. ఉదయం పొడి, లోపెరమైడ్. సంచీలో ఒక ప్యాంటు. డ్రైవరు పఠాన్. ఎక్కేటప్పుడే చెప్పాను, కడుపు ఆపరేషన్ అయింది, అవసరమైతే ఆపాలి అని. ముందు సీట్లో కూచోబెట్టాడు. దారిలో పెట్రోలు బంకు వచ్చినప్పుడల్లా అద్దంలోంచి నా వైపు చూశాడు. వద్దని తల ఊపాను. యూనియన్ స్టేషన్‌లో దిగాను. ప్యాంటు సంచీలోనే ఉంది.

నవంబర్ 28, శుక్రవారం

సాయంత్రం కార్నిష్ దగ్గర ఎద్దుల పోరు. మనిషి పొడవడు, రక్తం ఉండదు. రెండు ఎద్దులు కొమ్ములు కలిపి తోసుకుంటాయి. వెనక్కి తగ్గింది ఓడినట్టు. తాళ్ళు పట్టుకుని ఇరువైపులా మనుషులు లాగుతారు. ఏడాదిగా వెళ్ళలేదు. ఇవాళ చివరిదాకా చూశాను.

ఈ ఊరు ఇదివరకు నాకు కోట, రేవు, హమద్ బిన్ అబ్దుల్లా రోడ్డు. ఇప్పుడు మసీదులు. ప్రతి మసీదు పక్కనా బాత్రూములు ఉంటాయి. శుభ్రంగా, నీళ్ళతో. నువ్వెవరు, ఏ మతం అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. పరిగెత్తుకుంటూ వెళ్తే ఒకసారి ఒక అరబ్బు పెద్దాయన తన చెప్పులు తోశాడు, వేసుకుని వెళ్ళమని.

డిసెంబర్ 5

కుట్టు దగ్గర ఉబ్బు. దగ్గితే పైకొస్తుంది, పడుకుంటే పోతుంది. హెర్నియా. మెష్ వెయ్యాలి, ఇప్పుడే కాదు. బెల్టు కట్టుకోవాలి, బరువులెత్తకూడదు. స్టోర్‌కీపర్‌ని, ఎత్తకుండా ఎలా అని మేనేజరు అడిగాడు. జవాబు నా దగ్గర లేదు. నేపాలీ కుర్రాడు గుమ్మంలోంచి విన్నాడు. మధ్యాహ్నానికి పెద్ద డబ్బాలన్నీ కింది అరల్లోకి వచ్చాయి.

డిసెంబర్ 14, ఆదివారం

గదిలోకి కొత్త కుర్రాడు. కరీంనగర్. వయసు ఇరవై రెండు. రేవులో పని, ఐదు గంటలకి బండి. తలుపు మీద కాగితం చదివి, "నాలుగున్నరకి నాకు ఇయ్యరా అన్నా?" అని అడిగాడు.

"అది బాబాయ్‌ది" అన్నాడు నిజామాబాద్ అన్న. గట్టిగా.

కుర్రాడు నా వైపు చూశాడు. బెల్టు చూశాడు. ఇంకేం అడగలేదు. బకెట్ తీసుకుని మూడున్నరకి అలారం పెట్టుకున్నాడు.

డిసెంబర్ 16

నిన్నా ఇవాళా ఐదున్నర దాకా ఆగగలిగాను. పొడి పనిచేస్తోంది. కాగితం మీద పాత టైము కొట్టేసి కొత్తది రాశాను. నాలుగున్నర పక్కన కుర్రాడి పేరు. క్వారీ వాళ్ళకి కూడా పావుగంట కలిసొచ్చేలా సర్దాను. కడప తమ్ముడు వచ్చి చూశాడు. పెన్ను తీసుకుని నా పేరు పక్కన బ్రాకెట్లో రాశాడు: అర్జంటైతే ఎప్పుడైనా.