వేడి దిగే దాకా... సూళ్లూరుపేటలో!

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే జాతీయ రహదారి మీద, సూళ్లూరుపేట దగ్గర ఓ కారు పక్కకి ఆగుతుంది. వెడల్పాటి టైర్లు, నేలకి దగ్గరగా దింపిన బాడీ, కంపెనీ ఇచ్చినదానికన్నా పెద్ద టర్బో. లోపలున్న కుర్రాళ్లు బయల్దేరింది రాకెట్ పొగ చూడ్డానికి. చూస్తున్నది మాత్రం సొంత బానెట్ కింద నుంచి వస్తున్న ఆవిరి! ఒకడు గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతాడు.

‘మూత తియ్యబాక అబ్బయా... మొహమంతా కాలిపోద్ది’ అని రోడ్డు పక్క నుంచి ఓ పెద్దాయన కేకేస్తాడు.

ఈ రోడ్డుకి ఇలాంటి దృశ్యాలు కొత్తకాదు. ఇంజిన్ చల్లబడాలంటే కనీసం అరగంట పైనే ఆగాలి. ఆగక తప్పనప్పుడు, ఆగడానికి సూళ్లూరుపేట కంటే తగిన ఊరు దొరకడం కష్టం. ఎందుకంటే బలమైన ఇంజిన్‌నీ, దాని వేడినీ ఎలా అదుపులో పెట్టాలన్నదే ఈ ఊరి పొరుగున జరిగే అసలు పని.

అమ్మవారి ఊరు

కాళంగి నది ఒడ్డున ఉన్న ఊరిది. నది పక్కనే చెంగాళమ్మ గుడి. అమ్మవారి గుడికి తలుపులు మూసే ఆచారం లేదు. రాత్రయినా పగలైనా దర్శనమే. రాకెట్ ప్రయోగానికి ముందు ఇస్రో అధిపతులు వచ్చి ఇక్కడ మొక్కుకుని వెళ్తుంటారు. 2022 ఏప్రిల్‌లో ఊరు తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, మాట తీరూ చేపల పులుసు రుచీ ఇంకా నెల్లూరువే.

ఇదే రోడ్డు మీద చెన్నై వైపు సాగితే, నగరం ఇంకాస్త దూరం ఉందనగా షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అక్కడ ఉంది. యుద్ధం అయిపోయాక మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాని మీద కార్ల పందేలు నడిపింది. మామూలు ఫియట్లనీ హెరాల్డ్‌లనీ విప్పి, ఇంజిన్లు మార్చి పరుగులు పెట్టించేవారు. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాక్ వచ్చాక ఆ సందడి అటు మళ్లింది. కారుని మార్చి వేగం పెంచుకోవాలన్న సరదా మాత్రం ఈ దారిలో ఎప్పటి నుంచో ఉన్నదే.

బలం పెరిగితే వేడీ పెరుగుతుంది

పెట్రోలులో ఉన్న శక్తిలో చక్రాల దాకా చేరేది సుమారు మూడో వంతో, అంతకన్నా తక్కువో. మిగతాదంతా వేడే. అందులో కొంత సైలెన్సర్ గుండా పోతుంది. కొంత కూలెంట్ మోసుకెళ్లి రేడియేటర్‌లో దింపాలి. టర్బో ఒత్తిడి పెంచి, కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి బలాన్ని ఒకటిన్నర రెట్లు చేసినవాళ్లు చాలాసార్లు రేడియేటర్ సంగతి మర్చిపోతారు. పైగా టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ని తెచ్చి సరిగ్గా రేడియేటర్ ముందే బిగిస్తారు. దాంతో రేడియేటర్‌కి చేరేది ముందే వేడెక్కిన గాలి. ఇక అలంకారానికి పెట్టిన లైట్లూ నంబరు పలకలూ ఉన్న కాస్త దారినీ మూసేస్తాయి.

ఇలాంటి కారు చేతికొస్తే అనుభవమున్న మెకానిక్ ముందు పానా తీయడు, ప్రశ్న అడుగుతాడు... ‘ఎప్పుడు వేడెక్కుతోంది?’ అని. ట్రాఫిక్‌లో వేడెక్కి, రోడ్డెక్కాక చల్లబడితే అనుమానం ఫ్యాన్ మీద. లేదా ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు తీసేసి ఉంటారు. ఊళ్లో బాగానే ఉండి, రహదారి మీద వేగం పెంచగానే ముల్లు పైకి లేస్తే గాలి చాలడం లేదన్నా, రేడియేటర్ లోపల మూసుకుపోయిందన్నా, పంపు నీళ్లు తోయడం లేదన్నా అర్థం. చల్లగా ఉన్న ఇంజిన్‌ని స్టార్ట్ చేయగానే కూలెంట్ డబ్బాలో బుడగలు వస్తూ ఆగకపోతే మాత్రం హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో పరీక్ష చేయించాలి.

థర్మోస్టాట్ తీసి పారేస్తే సరి అనేది చాలామంది నమ్మే చిట్కా. అది రోగాన్ని దాస్తుంది తప్ప నయం చేయదు. ఇంజిన్ తగినంత వేడెక్కక త్వరగా అరుగుతుంది. అసలు మందు వేరు... మందమైన రేడియేటర్ వేయడం, దాని చుట్టూ సందులు మూసి గాలంతా దాని గుండానే పోయేలా చేయడం, అవసరమైతే ఇంజిన్ ఆయిల్‌కి వేరే కూలర్ బిగించడం. మూతని కూడా తేలిగ్గా తీసుకోకూడదు. లోపలి ఒత్తిడిని నిలిపి ఉంచేది అదే. మూత సరిగ్గా ఉంటే, సగం నీళ్లు సగం కూలెంట్ కలిపిన ద్రవం సుమారు 125 డిగ్రీల దాకా మరగదు. మూత రబ్బరు పాడైతే అంతకు చాలా ముందే పొంగుతుంది.

సముద్రం దగ్గరి ఊళ్లలో మరో జాగ్రత్త కావాలి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. అత్యవసరంలో పోసినా, తర్వాత కడిగించి డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ నింపుకోవాలి. లేకపోతే రేడియేటర్ గొట్టాల్లో పొలుసు కడుతుంది, తుప్పు తింటుంది. అన్నట్టు, ఇంజిన్‌లో పెద్ద మార్పులకి రవాణా శాఖ అనుమతి ఉండాలన్నది కూడా మర్చిపోకూడదు.

ఇంధనమే చల్లదనం

కారు కుదుటపడ్డాక దారి తూర్పుకి తిరుగుతుంది. పులికాట్ సరస్సుని చీల్చుకుంటూ శ్రీహరికోటకి వెళ్లే రోడ్డు అది. చలికాలంలో రెండు పక్కలా ఫ్లెమింగోలు. ఎండాకాలంలో నీరు తగ్గి, పగుళ్లిచ్చిన నేల. ఆ చివర ఉన్న దీవి నుంచి 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ ఎగిరింది.

ఇక్కడి నుంచి వెళ్లే ఎల్వీఎం-3 రాకెట్ పై అంచెలోని సీఈ-20 క్రయోజెనిక్ ఇంజిన్ లోపల వేడి సుమారు 3,000 డిగ్రీలు. ఏ రేడియేటర్ దాన్ని చల్లార్చగలదు? అందుకే అక్కడ ఇంధనమే కూలెంట్. మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్‌ని ముందు ఇంజిన్ గోడలోని సన్నటి దారుల గుండా పంపుతారు. అది గోడ వేడిని లాక్కుని, ఆ తర్వాతే లోపలికెళ్లి మండుతుంది. చల్లబరిచే ఏర్పాటు తర్వాత తగిలించింది కాదు, ఇంజిన్‌తో పాటే పుట్టింది. కార్లు మార్పించుకునేవాళ్లు నేర్చుకోవాల్సింది అదే!

ఇంకో పాఠమూ ఉంది. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ఎగరాలి. చూడ్డానికి అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ కూడా వచ్చారు. ఇంకా 56 నిమిషాలుందనగా రాకెట్‌లో లోపం కనిపించింది. ఎవరొచ్చారని చూడలేదు, కౌంట్‌డౌన్ ఆపేశారు. సరిచేసి జులై 22న పంపారు. అది చక్కగా ఎగిరింది. ముల్లు ఎర్ర గీత దగ్గరికి చేరినా ‘ఇంకో పది కిలోమీటర్లేగా’ అనుకునే కుర్రాళ్లు ఆ రాత్రిని గుర్తు తెచ్చుకోవాలి. ఆగితే పోయేది అరగంట. ఆగకపోతే పోయేది ఇంజిన్.

ఎలా వెళ్లాలి?

సూళ్లూరుపేట చెన్నైకి సుమారు 80 కిలోమీటర్లు. చెన్నై నుంచి లోకల్ రైళ్లున్నాయి. నెల్లూరు నుంచి బస్సులూ రైళ్లూ దొరుకుతాయి. రాకెట్ ప్రయోగాన్ని శ్రీహరికోట గ్యాలరీ నుంచి చూడాలంటే ముందుగా ఇంటర్నెట్‌లో పేరు నమోదు చేసుకోవాలి. పక్షుల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్తే, పులికాట్‌తో పాటు దొరవారిసత్రం దగ్గరి నేలపట్టునీ చూసి రావచ్చు. సొంత కారులో వెళ్లేవాళ్లు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉండగానే కూలెంట్ చూసుకుని బయల్దేరితే మంచిది.