గోదావరి యిసుకలో ఉడుకునీరు

అగ్నిపర్వతము లేని చోట ఉష్ణగుండ మెట్లు పుట్టునని పలువు రడుగుదురు. ఆ రెండింటికిని విడదీయరాని చుట్టరిక మున్నట్లు మనము చిన్ననాటి పుస్తకములలో చదువుకొని యుండుటయే యిందులకు కారణము. మన దేశమున నేడును నిప్పు గ్రక్కు కొండ యొక్కటియే. అది అండమాను సముద్రములోని బారెన్ దీవి. పోర్టుబ్లెయిరునకు సుమారు 140 కిలోమీటర్ల దూరమున నున్నది. 1787లో మండెననియు, పందొమ్మిదవ శతాబ్దమున చల్లారి, చాలకాలము నిద్రించి, 1991లో మరల మేల్కొనెననియు చెప్పుదురు. అచట మనుష్యులు లేరు. మనబోటి గృహిణులు పోదగిన చోటు కాదు. కాని ఉడుకునీటి బుగ్గను చూచుటకు అంత దూర మేల? భద్రాచలమునకు అయిదు కిలోమీటర్లలో, గోదావరి యొడ్డున గుండాల యను గ్రామ మున్నది.

కొన్ని యేండ్ల క్రిందట మాఘమాసమున మా యత్తగారిని వెంటబెట్టుకొని మే మచటికి బోయితిమి. ఆమెకు మోకాళ్ల నొప్పులు. కూర్చున్న లేవలేదు, లేచిన కూర్చుండలేదు. వైద్యుల మందులు వాడుచున్నను ఆమె మనసు గుండాల మీదనే యుండెను. బ్రహ్మవిష్ణుమహేశ్వరులు శీతకాలమున అచట స్నానమాడిరని చిన్ననాడు వినియున్నదట. "కాళ్లాడుచుండగానే తీసికొని పొండే అమ్మాయీ. ఆడని నాడు మోసికొని పోవుదురా?" అన్నది. ఆ మాటకు మావారును నేనును మారుపలుకలేకపోతిమి.

మా ఒంగోలు ప్రాంతమున కల్లములలో మిరపకాయ లెండు దినము లవి. చీకటితో రైలెక్కి, బెజవాడలో బండి మారి, డోర్నకల్లు మీదుగా కొత్తగూడెము చేరితిమి. ఆ స్టేషనుకు భద్రాచలం రోడ్డని పేరు. పేరు చూచి రాములవారు ప్రక్కవీధిలోనే యున్నారనుకొని దిగువారు కలరు గాని, అచటినుండి బస్సులో ఇంకను నలుబది కిలోమీటర్లు పోవలెను. స్వామి దర్శనమును గూర్చి వ్రాయబోను. అది మీ రందరు నెరిగినదే.

మరునాటి ఉదయమున ఆటోలో గుండాలకు బోయితిమి. గుడిగాని, కట్టిన కొలనుగాని యుండునని నే నూహించితిని. అట్టి దేమియు లేదు. నదిలో వట్టి యిసుకతిన్నె. చిన్నపార చేతబట్టుకొని ఆ యూరి స్త్రీ యొకతె వచ్చి, నీటియంచున మోకాటిలోతు గుంట త్రవ్వినది. మొదట వచ్చిన నీరు గోరువెచ్చగా నుండెను. చూచుచుండగనే వేడి హెచ్చి, వ్రేలు ముంచిన చురుక్కుమనెను. రెండు బారల యవతల గోదావరి మంచువలె చల్లగా పారుచున్నది! ఆమె నదినుండి గుంటకు చిన్నకాలువ గీసి, చల్లనీరు కొంచెము రానిచ్చి, మడమతో కాలువను మూసినది. మరల తెరచినది, మరల మూసినది. మనము తలంటుకు నీళ్లు తొలుపుకొన్నట్లే. చేయి పెట్టి చూచి, "ఇక దిగు తల్లీ" అన్నది.

పురుషులు తువాలు చుట్టుకొని దిగి లేచిపోవుదురు. స్త్రీల సంగతి వేరు. బట్ట మార్చుకొనుటకు మే మున్న తావున చాటు లేదు. నేనును, మచిలీపట్టణమునుండి వచ్చిన ఇరువురు యాత్రికురాండ్రును చీరె తెరగా పట్టుకొని నిలిచితిమి.

నీటిలో కాళ్లు చాచుకొని కూర్చుండి మా యత్తగారు, "ఒరే అబ్బాయీ, ఈ క్రింద నిప్పున్నదా? ఎప్పుడైన నేల బ్రద్దలగునా?" అని అడిగినది. మావారు బడిపిల్లలకు చెప్పినట్లే చెప్పిరి. నేలలోనికి ఒక కిలోమీటరు దిగినకొలది సుమారు 25 నుండి 30 డిగ్రీల వేడి పెరుగును. వాననీరు బీటలవెంట లోతునకు దిగి, అచట కాగి, మరియొక బీటవెంట పైకి వచ్చును. గోదావరి లోయ బహు పూర్వము ఇరుప్రక్కల బీటలు వారి క్రుంగిన నేల. సింగరేణి బొగ్గున్నదియు ఆ పల్లములోనే. మణుగూరు దగ్గర పగిడేరులో త్రవ్విన బోరుబావినుండి వేడినీరు తనంత పైకి వచ్చుచుండగా, దానితో 20 కిలోవాట్ల చిన్న విద్యుత్కేంద్రమును నెలకొల్పిరి. తెలుగునేలపై లావా పారకపోలేదు. రాజమహేంద్రవరము దగ్గర కాతేరులోను, ఆవలియొడ్డున పంగిడిలోను ఉన్న నల్లరాయి అదే. అది ఆరున్నర కోట్ల యేండ్లనాటిది, ఎన్నడో చల్లారినది. గుండాల వేడికి దానితో పనిలేదు.

"అయితే మండుచున్న పొయ్యి కాదురా. నివురులో పెట్టిన చెంబు" అన్నది మా యత్తగారు. ఇంతకన్న చక్కగా నే నెచ్చటను చదువలేదు.

ఆ సాయంత్రము ఆమె సత్రపుమెట్లు ఎవరి చేయియు పట్టకుండ ఎక్కినది. మూడవనాటికి నొప్పి మరల వచ్చినది. వేడినీటివలన బిగిసిన కండరములు సడలును గాని అరిగిన కీలు బాగుపడదు. దీనిని నమ్మి మందులు మానుకొనువారు కలరు గనుక విప్పి వ్రాయుచున్నాను. చక్కెరవ్యాధిచే పాదములు తిమ్మిరెక్కినవారికి వేడి తెలియక బొబ్బలెక్కును. గుండెజబ్బు గలవారు వైద్యుని అడుగక దిగరాదు. పిల్లలను గుంటదగ్గర ఒంటిగా విడువరాదు.

వానకాలమున పోయిన చూచున దేమియు నుండదు. గోదావరి భద్రాచలముకడ 1986లో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును ఎక్కినది. 2014లో గుండాల ఆంధ్రప్రదేశమున చేరినది. రామాలయము తెలంగాణములోనే యున్నది. అనగా యాత్రికులు ఒక రాష్ట్రమున మ్రొక్కి వేరొక రాష్ట్రమున మునుగవలెను! అది యట్లుండగా, పోలవరము వెనుకనీరు ఎందాక నెక్కునోయని ఆ చుట్టుప్రక్కల వారికి దిగులు. గుంట త్రవ్విన యామెను నే నదియే అడిగితిని. "ఉడుకునీళ్లు ఎక్కడికి పోతయ్ తల్లీ, కిందనే ఉంటయ్. పైన నిలబడ ఇసుక ఉండొద్దా? మా ఇండ్లుండొద్దా?" అన్నది.

మా యత్తగారు ఆమె చేతిలో రూపాయలుంచి, గుంటను పూడ్చవద్దని చెప్పినది. మేము గట్టెక్కకమునుపే మరియొక ముసలమ్మ అందులో కాళ్లు పెట్టుకొని కూర్చున్నది.