మలావీలో వైట్నర్ పూసిన లెక్కలు

మేమిద్దరమూ ఉపాధ్యాయులుగా పనిచేసినవాళ్లమే గనుక ఎన్నికల డ్యూటీ మాకు కొత్త కాదు. లెక్కల కాగితంలో అంకె తప్పుపడితే చెరపకూడదనీ, అడ్డగీత గీసి, పక్కన సరైన అంకె వేసి సంతకం చేయాలనీ మాకు నేర్పారు. పాత అంకె కనబడుతూనే ఉండాలి. అందుకే ఆఫ్రికాలోని మలావీ సంగతి మాకు మనసున పట్టింది.

మలావీ మొక్కజొన్న పండించుకునే పేద దేశం. జనంలో ఎక్కువమంది క్రైస్తవులే. 1964లో స్వాతంత్ర్యం వచ్చింది మొదలు ముప్పై ఏళ్లు హేస్టింగ్స్ బండా ఏకపార్టీ పాలన సాగింది. ఆయన స్కాట్లండు సంఘంలో పెద్దగా ఉన్నవాడే! 1971లో తానే జీవితకాల అధ్యక్షుడయ్యాడు. 1993లో ప్రజల అభిప్రాయం అడిగినప్పుడు ఒకే పార్టీకి కోడిపుంజు, అనేక పార్టీలకు లాంతరు గుర్తులు పెట్టారు. జనం లాంతరును ఎన్నుకున్నారు. మరుసటి ఏడు ఎన్నికల్లో బండా ఓడిపోయాడు.

2019 మేలో జరిగిన ఎన్నికల్లో అధ్యక్షుడు పీటర్ ముథారికా దాదాపు 1,59,000 ఓట్ల ఆధిక్యంతో గెలిచినట్లు ప్రకటించారు. తీరా చూస్తే అనేక లెక్కల కాగితాల మీద అంకెలకు వైట్నర్ పూసి ఉంది. బడి పిల్లలు నోటుబుక్కుల్లో పూసుకునేదే! నెలల తరబడి జనం వీధుల్లోకి వచ్చారు. 2020 ఫిబ్రవరి 3న ఐదుగురు న్యాయమూర్తులు సైన్యం కాపలాలో, తూటాలు తగలని కవచాలు తొడుక్కొని కోర్టుకు వచ్చారు. సుమారు పది గంటలు తీర్పు చదివారు. రేడియోలో దేశమంతా విన్నది. ఎన్నిక చెల్లదన్నారు. సగానికి మించి ఓట్లు వస్తేనే గెలుపు అని కూడా తేల్చారు.

జూన్‌లో మళ్లీ జరిగిన ఎన్నికలో లాజరస్ చక్వేరా గెలిచారు. ఆయన ఇరవై ఏళ్లకు పైగా అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సంఘాలకు అధ్యక్షుడుగా ఉన్న దైవసేవకుడు. సేవకుడు గెలిచాడని సంతోషించిన విశ్వాసులు ఎందరో. మాకు మాత్రం ఆ ఐదుగురు న్యాయమూర్తులే ఎక్కువ గుర్తున్నారు. సేవకుడైనంత మాత్రాన పాలన సులువు కాదు. 2023లో ఫ్రెడ్డీ తుపాను ఊళ్లను ముంచింది. విదేశీ మారకం లేక పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరాయి. ధరలు మండిపోయాయి. సువార్త చెప్పిన నోటినే జనం మొక్కజొన్న ధర అడిగారు. అడగవద్దా మరి?

2025 సెప్టెంబరులో మళ్లీ ఓట్లు పడ్డాయి. ఐదేళ్ల క్రితం కోర్టు తీర్పుతో గెలుపు పోగొట్టుకున్న ముథారికాకే ఈసారి దాదాపు 57 శాతం వచ్చాయి. చక్వేరాకు 33 శాతం. ఫలితం అధికారికంగా ప్రకటించకముందే చక్వేరా ప్రజల ముందు ఓటమి ఒప్పుకొని, ముథారికాకు ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్పానని తెలిపారు.