టిక్కెట్టు మీద లేని గంటలు

శంషాబాద్ నుంచి ఢిల్లీకి ఆకాశమార్గాన దాదాపు 1,250 కిలోమీటర్లు. గంటకు 800 చొప్పున గంటన్నర చాలు. టిక్కెట్టు మీద మాత్రం రెండుంబావు గంటలు వేస్తారు. రన్‌వే దాకా నేల మీద నడవడం, పైకెక్కడం, నెమ్మదిగా దిగడం అన్నీ అందులోనే.

ఢిల్లీ రైలు మా కాగజ్‌నగర్ మీదుగానే పోతుంది. పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి బెర్తులు దొరకక మేమిద్దరం విమానం ఎక్కాం. ఛార్జీలకు మా అమ్మ పొదుపు సంఘంలో అప్పు తీసింది. ఉత్తరానికి పోవడానికి ముందు దక్షిణానికి సుమారు 300 కిలోమీటర్లు, రాత్రంతా బస్సులో! ఇంటర్వ్యూలకు వెళ్లే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు ఈ లెక్క వేసుకోండి.

ఢిల్లీలో దిగగానే బాపుకు ఫోన్ చేశాం. "అప్పుడే దిగిండ్రా?" అన్నాడు. మమ్మల్ని శంషాబాద్‌లో దింపి తిరుగు బస్సెక్కిన ఆయన ఇంకా కరీంనగర్ దాటలేదట.