హేవర్డ్‌లో ఒక హాజరు పట్టీ

ఫ్రీమాంట్‌లో మా అబ్బాయి వాళ్ళింటి దగ్గర బార్ట్ రైలెక్కితే హేవర్డ్‌కి మధ్యలో రెండే స్టేషన్లు, యూనియన్ సిటీ, సౌత్ హేవర్డ్. ఫిబ్రవరి నెల. రాత్రంతా కురిసి తెరిపిచ్చింది. కుడివైపు కొండలన్నీ పచ్చగా ఉన్నాయి. ఎండాకాలం వచ్చేసరికి ఇవే ఎండిపోయి గోధుమరంగుకి తిరుగుతాయట. పక్కన మా కోడలు. డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేక కమ్యూనిటీ కాలేజీలో అకౌంటింగ్ చదువుతోంది. ఫ్రీమాంట్‌లోనే ఒలోని కాలేజీ ఉన్నా, తనకు కావలసిన కోర్సు తన వేళకి హేవర్డ్‌లోని షబో కాలేజీలో దొరికింది. "ఇంట్లో ఒక్కరే ఏం కూర్చుంటారు మావయ్యా, మా కాలేజీ చూద్దురుగాని రండి" అంది. అనంతపురం జిల్లాలో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఇరవై తొమ్మిదేళ్ళు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. కాలేజీకి రమ్మంటే నన్ను రెండోసారి పిలవక్కర్లేదు.

హేవర్డ్‌లో దిగి సిటీ బస్సెక్కాం. ఎదురు సీట్లో పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. బూట్ల మీద సున్నంలాంటి తెల్లపొడి. ఇక్కడ ఇళ్ళ లోపలి గోడలకి బిగించే జిప్సం పలకల పొడి అది. కాలేజీ స్టాపు దగ్గర ఎవరూ లేపకుండానే లేచాడు. అలవాటైన నిద్ర.

కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ళ కాలేజీ. సీటు లేదనడం ఉండదు, ఎవరొచ్చినా చేర్చుకుంటారు. కాలిఫోర్నియాలో ఇలాంటివి 116 ఉన్నాయి. రాష్ట్రవాసులకి యూనిట్‌కి 46 డాలర్ల ఫీజు. పేదవాళ్ళకి అదీ మాఫీ. అరవై యూనిట్లు పూర్తిచేస్తే యూనివర్సిటీలో మూడో సంవత్సరంలోకి వెళ్ళొచ్చు. వినడానికి ఎంత సులువుగా ఉందో! కానీ చేరినవాళ్ళలో చాలామంది ఆ అరవై దాకా రారు. మధ్యలో జారిపోయేవాళ్ళలో నల్లజాతి కుర్రాళ్ళు, మెక్సికో లాంటి దేశాల మూలాలున్న లాటినో కుర్రాళ్ళు ముందుంటారు. ఫీజు మాఫీ అయినా ఇంటి అద్దె మాఫీ కాదు. కారు చెడిపోతే పని పోతుంది, పని పోతే చదువు పోతుంది. అందుకే 2021 చట్టంతో ప్రతి కమ్యూనిటీ కాలేజీలోనూ తిండికీ, గూడుకీ సాయం చేసే బేసిక్ నీడ్స్ సెంటర్ పెట్టించారు.

కోడలు తన క్లాసుకి వెళ్తూ నన్ను ఒక కౌన్సెలర్‌కి అప్పజెప్పింది. యాభై దాటిన మనిషి, తనూ ఇలాంటి కాలేజీలోనే చదివాడట. నేనూ పంతులునే అని తెలిశాక ఇద్దరికీ పొద్దు తెలియలేదు. 1981లో ఇదే కాలేజీలో పుట్టిన పుయెంతే అనే పథకం గురించి ఆయనే చెప్పాడు. స్పానిష్‌లో ఆ మాటకి వంతెన అని అర్థం. ఫెలిక్స్ గలావిస్ అనే కౌన్సెలర్, పాట్రీషియా మెక్‌గ్రాత్ అనే ఇంగ్లీషు టీచరు కలిసి ఇక్కడి లాటినో విద్యార్థుల మార్కుల జాబితాలు రెండు వేలకు పైగా ముందేసుకుని చదివారు. మూడు సంగతులు తేలాయి. పిల్లలు కౌన్సెలర్ గడప తొక్కడం లేదు. కాలేజీ స్థాయి రచన క్లాసులో చేరడం లేదు. వాళ్ళకంటే ముందు ఇంట్లో కాలేజీ ముఖం చూసినవాళ్ళు లేరు. గడప తొక్కనివాళ్ళ దగ్గరికి ఆ గడపనే మోసుకెళ్ళారు వాళ్ళిద్దరూ. కౌన్సెలర్ వచ్చి ఇంగ్లీషు క్లాసులోనే కూర్చుంటాడు. ఊళ్ళో చదువుకుని స్థిరపడినవాళ్ళు ఒక్కో విద్యార్థికి పెద్దదిక్కుగా ఉంటారు. ఆడపిల్లలూ ఉంటారు ఇందులో. అయితే "అమ్మాయిలు తలుపు తట్టి అడుగుతారు. అబ్బాయిలు పార్కింగులో కార్లోనే కూర్చుని ఇంటికెళ్ళిపోతారు" అన్నాడాయన. శాన్ డియేగోలో కలిసి పనిచేసిన ల్యూక్ వుడ్, ఫ్రాంక్ హారిస్ అనే ఆచార్యులు ఏళ్ళ తరబడి చెప్పిందీ ఇదే. సాయం అడిగితే చులకనైపోతాననుకునే కుర్రాడి దగ్గరికి కాలేజీయే ముందు నడిచి వెళ్ళాలి.

చేరిన రోజే పరీక్ష పెట్టి, మార్కులు తక్కువైతే యూనివర్సిటీ లెక్కలోకి రాని కింది తరగతుల్లో వేసేవారు మొన్నమొన్నటి దాకా. మూడు మెట్లు కిందికి తోస్తే, ప్రతి మెట్టులోనూ పదిమందిలో ఏడుగురు గట్టెక్కారనుకున్నా, నూరుమందిలో పైకొచ్చేది ముప్ఫైనాలుగు మందే. అప్పట్లో ఇక్కడ ఇంగ్లీషు చెప్పిన కేటీ హెర్న్ లాంటివాళ్ళు ఈ లెక్కనే ఊరూరా చెప్పి పోరాడారు. 2017లో చట్టం మారింది. పాఠంతో పాటు పక్కన సాయమూ ఉంటే ఏమౌతుందో ఇంకోచోట తేలింది: న్యూయార్క్‌లో 2007లో మొదలైన ఆసాప్ పథకంలో బస్సు పాసు, పుస్తకాలు, తరచూ పలకరించే సలహాదారు, ఇవన్నీ కలిపి ఇస్తే మూడేళ్ళలో డిగ్రీ అందుకున్నవాళ్ళు 22 శాతం నుంచి 40 శాతానికి పెరిగారు.

తర్వాత ఆయన కూర్చునే పుయెంతే ఇంగ్లీషు క్లాసులో వెనక కుర్చీ వేశారు నాకు. బస్సు కుర్రాడు మూడో వరసలో ఉన్నాడు. టీచరమ్మ హాజరు పిలిచింది. ఇద్దరు పలకలేదు. నేనైతే రెండు ‘ఎ’లు వేసి పాఠంలోకి వెళ్ళేవాణ్ణి. కౌన్సెలర్ ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. వచ్చి నా చెవిలో చెప్పాడు, ఒకడికి గిడ్డంగిలో షిఫ్టు మార్చారు, ఇంకొకడి టైరు పంక్చరయ్యింది, బస్సులో రమ్మన్నాను అని. క్లాసు ఇంకో పావుగంట ఉందనగా వచ్చాడు ఆ పంక్చరు కుర్రాడు. ఎందుకు ఆలస్యమని ఎవరూ అడగలేదు. వాడి కుర్చీలో ఎవరూ కూర్చోలేదు కూడా.

మూడో వరసలోని బస్సు కుర్రాడు తను రాసింది చదివాడు. వాళ్ళ నాన్న చేతి తొడుగుల గురించి. ఇద్దరూ కలిసి గోడపలకలు బిగించే పనికి వెళ్తారు. వాళ్ళ నాన్న తన మంచి తొడుగులు కొడుక్కిచ్చి, తను చిరిగినవి వేసుకుంటాడు. క్రియల్లో తప్పులున్నాయని నా చెవికి వెంటనే తెలిసింది. టీచరమ్మ వాటి జోలికి వెళ్ళలేదు. "ఏ వేలు చిరిగింది?" అని అడిగింది. కుర్రాడు ఆలోచించి చూపుడువేలన్నాడు. మేకు పట్టుకునే వేలు. "అది రాయి" అంది. వాడు తలవంచి రాశాడు. క్రియల సంగతి ఆ తర్వాత, వాడి పక్కన కూర్చుని, పెన్సిలుతో.

నాకు ఆ గదిలో కూర్చోవడం కష్టమైంది. పన్నెండేళ్ళ కిందట నా క్లాసులో ఒక సుగాలి తండా కుర్రాడుండేవాడు. తండా బావి ఎండిపోతే వాళ్ళమ్మ ఎంత దూరం నుంచి నీళ్ళు తెచ్చేదో ఇంగ్లీషులో ఒక పేజీ రాసి తెచ్చాడు. నేను అడక్కుండానే. నేను చేసిందల్లా తప్పులు దిద్దడం. ఆ కాగితం మీద వాడి సిరా కంటే నా ఎర్ర సిరాయే ఎక్కువ. దసరా సెలవుల తర్వాత రాలేదు. బెంగళూరుకి సెంట్రింగు పనికి వెళ్ళాడని ఎవరో అన్నారు. వరుసగా ‘ఎ’లు వేశాను. తర్వాత పట్టీలో పేరు కొట్టేశాను. తండా కాలేజీకి ఏడు కిలోమీటర్లు. నాకు స్కూటరుంది.

తిరుగు రైల్లో కోడలితో ఎక్కువ మాట్లాడలేదు. ఇక్కడ సాయంత్రం నాలుగు, అక్కడ తెల్లవారి ఐదున్నర. ఆ తండా కుర్రాడు చదివిన కాలేజీలో నాతో పనిచేసిన అటెండరుకి ఫోన్ చేశాను. చుట్టుపక్కల తండాలన్నీ ఎరిగినవాడు. మొదటిసారే ఎత్తాడు. వెనక కోడి కూత. కుర్రాడి ఆనవాళ్ళు చెప్పాను, పొడుగ్గా ఉండేవాడు, ఎడమచేత్తో రాసేవాడు అని.

"ఆ పిల్లోడా సార్? వాళ్ళన్న ఈడే బస్టాండులో ఆటో తోల్తాండాడు. నంబరు అడిగి చెప్తా, ఫోన్ పక్కనే పెట్టుకోండి" అన్నాడు.