నల్లని ముఖం, తెల్లని చీర

కెమెరాలోని మీటరుకి మనుషులు తెలియరు. దానికి తెలిసింది ఒక్కటే... నడిమి బూడిద రంగు. తెల్లగోడ చూపించినా, నల్లగేదెను చూపించినా రెండింటినీ ఆ బూడిద రంగులోకే లాక్కొస్తుంది. ఫ్రేములో తెలుపు ఎక్కువుంటే మొత్తం ఫొటోనే చీకటి చేసేస్తుంది. నష్టపోయేది ఆ తెలుపు పక్కనున్న నల్లటి మనిషి.

మా ఇంట్లో ఆ మనిషి నాయనమ్మ. పెళ్లి ఫొటోలన్నింట్లో ఆమె తెల్లచీర నిక్షేపంగా కనిపిస్తుంది. ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఓ నల్లమచ్చ. ఒకసారి స్టూడియోవాళ్లు టచప్ చేసి తెల్లగా మార్చి ఇచ్చారు. "ఇదెవర్రా?" అంది నాయనమ్మ.

రీలు కెమెరాల పిచ్చి పట్టాక సెకండ్‌హ్యాండ్‌లో ఒలింపస్ ఓఎం-4 కొన్నాను. 1983లో వచ్చిన మోడల్. దాని గొప్పంతా మల్టీస్పాట్ మీటరింగ్‌లో ఉంది. ఫ్రేము మధ్యలో 2 శాతం భాగాన్ని మాత్రమే కొలుస్తుంది. మనకి కావాల్సిన చోట గురిపెట్టి బటన్ నొక్కాలి, ఇంకోచోట మళ్లీ నొక్కాలి. అలా 8 కొలతల దాకా గుర్తుపెట్టుకుని సగటు తీస్తుంది. వ్యూఫైండర్‌లో ఒక్కో కొలతకీ ఒక్కో చుక్క పడుతుంది.

"నేను పోయాక దండేసే ఫొటో నువ్వే తియ్యరా. నాలాగే ఉండాలి" అందోరోజు నాయనమ్మ. సున్నం కొట్టిన గోడ ముందు, అరుగు మీద నీడలో కూర్చోబెట్టాను. 100 స్పీడు రీలు, అపర్చర్ 5.6.

ముఖం మీద నొక్కితే సెకనులో 60వ వంతు చూపించింది. చీరకి 500వ వంతు. గోడకీ అంతే. వెనక గుమ్మంలోని చీకటికి 15వ వంతు. గోడనే నమ్మితే నాయనమ్మ మళ్లీ నల్లమచ్చ. పోనీ ముఖాన్నే నమ్ముదామా? మీటరు ఆమెని బూడిద రంగుకి తెచ్చేస్తుంది, అంటే స్టూడియోవాళ్ల పనే ఇదీ చేస్తుంది! మెట్ల లెక్కన నాలుగు చుక్కల సగటు 125వ వంతు దగ్గర ఆగింది. ముఖం కొలత కంటే ఒక మెట్టు తక్కువ. సరిగ్గా నాయనమ్మ ఒంటిరంగు అక్కడే ఉంది.

ప్రింటు వచ్చింది. గోడ తెల్లగానే ఉంది, సున్నం కుంచె చారలతో సహా. ముఖం నల్లగానే ఉంది, కానీ ప్రతి ముడతా కనిపిస్తోంది. గడ్డం మీది పచ్చబొట్టు చుక్క కూడా. నాయనమ్మ దాన్ని వేలితో తడిమి, "ఆ... ఇది నేనే" అంది.

సగటు తీసేది కెమెరానే. కానీ ఆ లెక్కలో ఎవర్ని కలపాలో చెప్పాల్సింది మనం. ఈసారి మీ ఫోన్‌తో తీసేటప్పుడైనా ఫ్రేములో అందరికంటే నల్లగా ఉన్నవాళ్ల ముఖం మీద వేలు పెట్టి నొక్కండి. తర్వాత వెలుతురు కాస్త తగ్గించండి. వాళ్లు వాళ్లలాగే వస్తారు.