తానే పిలిచిన పోలీసులు

1938, లండన్. సైనికుల అత్యాచారం వల్ల గర్భవతి అయిన పద్నాలుగేళ్ళ పిల్ల. ఆమెను కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచి గమనించిన వైద్యుడు అలెక్ బోర్న్, ఒకనాటి పరీక్షలో ఆమె కుమిలి కుమిలి ఏడవడం చూశాక నిశ్చయించుకున్నాడట. గర్భస్రావం చేశాడు. చేసి, తానే పోలీసులకు చెప్పాడు! 1861 నాటి చట్టం ప్రకారం యావజ్జీవ శిక్ష పడే నేరమది.

తల్లి ప్రాణం కాపాడడమంటే ఆమె మృత్యుముఖంలో పడేదాకా వేచి ఉండడం కాదనీ, శరీరమో మనసో శిథిలమైపోయే స్థితి వస్తే వైద్యుడు ముందుకు రావచ్చుననీ న్యాయమూర్తి మాక్‌నాటన్ జ్యూరీకి వివరించాడు. బోర్న్ నిర్దోషి అయ్యాడు. బ్రిటన్‌లో 1967 చట్టానికి బాట పడింది అక్కడే.

చిత్రమేమిటంటే, ఆ చట్టాన్ని వ్యతిరేకించినవారిలో బోర్న్ కూడా ఉన్నాడు. ఒక్క పిల్లపై చూపిన దయను మిగతావారికి చట్టం ఇవ్వబోతే అడ్డుపడతాడా అని మొదట నాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు గాని, పోలీసులను తానే పిలిచిన ఆ మనిషిని మాత్రం కాదనలేకున్నాను.